తీగలో నడచు బొమ్మ

కడప జిల్లా వేముల మండలములో తుమ్మలపల్లె అను గ్రామము కలదు. ఆ చుట్టుప్రక్కల వేరుసెనగ చేలు, బోరుబావుల క్రింద అరటి, చీనీ తోటలు కనిపించును. యురేనియము గనివలన ఈ గ్రామము పేరు దేశమంతటను తెలిసినది. అచ్చటి గని, శుద్ధి కర్మాగారము 2012లో పని ప్రారంభించినవి. కాని ఇచ్చటి విషయము గని కాదు. అంతకంటె ఎంతో చిన్నదై, ప్రతి బడిలోను కంటి ఎదుటనే ఉండి, ఎవరును పట్టించుకొనని ఒక వస్తువు.

ఆ ప్రాంతపు ఉన్నత పాఠశాల నొకదానిని ఊహించుడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో ఆరంభించిన ‘మన బడి: నాడు–నేడు’ పథకము క్రింద 2023లో అనేక పాఠశాలల తరగతి గదులకు పెద్ద ఇంటరాక్టివ్ తెరలు వచ్చినవి. అట్టి తెర ఒకటి గోడపై నున్నది. ప్రయోగశాలలో పదిపదునైదు సంవత్సరముల నాటి కంప్యూటరు ఒకటి చక్కగా పనిచేయుచున్నది. భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు మానవ నేత్రమును గూర్చిన పాఠమునకు బొమ్మలన్నియు ఆ పాత కంప్యూటరులో సిద్ధము చేసికొనినాడు. దానిని తరగతికి తెచ్చి తెరకు తగిలింపబోగా కంప్యూటరు వెనుక నున్నది పదునైదు రంధ్రముల నీలిరంగు గూడు. తెర ప్రక్క నున్నది సన్నని చదునైన నోరు. ఒకదాని తీగ రెండవదానిలో దూరదు. కరెంటు ఉన్నది, కంప్యూటరు ఉన్నది, తెర ఉన్నది; బొమ్మ మాత్రము లేదు. నలుబది అయిదు నిమిషముల పీరియడులో పది నిమిషములు అట్లే గడచినవి.

వెనుక బెంచీలోని విద్యార్థి ఒకడు లేచి, “సార్, మా బోరు మోటారు తీగ తెగితే మా నాయన చుట్టి అతికిస్తాడు. ఈ రెండు తీగలను కూడా అట్లే కోసి అతికిస్తే బొమ్మ రాదా సార్?” అని అడిగినాడనుకొనుడు.

తరగతి నవ్వవచ్చును. కాని ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. మోటారు తీగ చివర ఏ ఆకారపు ప్లగ్గు ఉన్నను దానిలో ప్రవహించునది విద్యుత్తు. బొమ్మను తెచ్చు తీగలో ప్రవహించునదియు విద్యుత్తే. మరి అతికించిన ఏల రాదు? దీనికి సమాధానము తెలియవలెనన్న కంప్యూటరుకును తెరకును నడుమ గడచిన నలుబది సంవత్సరముల చరిత్రను కొంత తెలిసికొనవలెను.

తెర లేని కంప్యూటరు

కంప్యూటరు అనగానే తెర జ్ఞప్తికి వచ్చును. కాని మొదటి తరముల కంప్యూటర్లలో హెచ్చువాటికి తెర లేదు. జవాబును విద్యుత్ టైపు యంత్రము కాగితముపై కొట్టి ఇచ్చెడిది. హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించినది. ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అనుట ఆ పేరునకు అర్థము. ఇ.సి.ఐ.ఎల్., తుమ్మలపల్లె గనిని నడుపు భారత యురేనియము సంస్థ, ఈ రెండును అణుశక్తి శాఖకు చెందినవే. రెండును 1967లో పుట్టినవే.

ఇ.సి.ఐ.ఎల్. టెలివిజను సెట్లను కూడ తయారుచేసినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజను ప్రయోగములో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములలో సెట్లు అమర్చబడినవి. ఆ పల్లెలలో అనేకులు కదలు బొమ్మల తెరను మొదటిసారి ఎదురుగా చూచినది అప్పుడే. ఇట్లు కంప్యూటరు ఒక దారిని, టెలివిజను వేరొక దారిని వచ్చినవి. ఆ రెండింటిని ఒక తీగతో కలిపినది తరువాత వచ్చిన చిన్న కంప్యూటరు.

టెలివిజనే మొదటి మానిటరు

1984–85లో భారత ప్రభుత్వము ‘క్లాస్’ అను పేర పాఠశాలలలో కంప్యూటరు పరిచయ పథకమును మొదలుపెట్టినది. మొదట సుమారు 250 పాఠశాలలను ఎన్నుకొని వానికి బి.బి.సి. మైక్రో అను ఆంగ్లదేశపు కంప్యూటర్లను ఇచ్చిరి. ఆ యంత్రము వెనుక బొమ్మ బయటికి వచ్చుటకు ఒకటి కాదు, మూడు ద్వారములు ఉండెడివి. ఈ మూడింటిని గమనించినచో తరువాతి చరిత్ర అంతయు సులభముగా బోధపడును.

మొదటిది సాధారణ టెలివిజను యొక్క ఏంటెనా రంధ్రములోనికి పోవునది. కంప్యూటరు తన బొమ్మను ఒక చిన్న ప్రసార కేంద్రమువలె రేడియో తరంగముపై ఎక్కించి పంపును. టెలివిజను ఆ తరంగమునుండి బొమ్మను తిరిగి దింపుకొనును. ఇంట ఉన్న టెలివిజనుకే తగిలింపవచ్చును గనుక ఖర్చు తక్కువ. కాని ఎక్కించుటలోను దింపుటలోను బొమ్మ కొంత చెడును.

రెండవది ఈ ఎక్కించు దించు పని లేక, బొమ్మ సంకేతమును నేరుగా ఒకే తీగపై మానిటరుకు పంపునది. దీనిని కాంపోజిట్ వీడియో అందురు. వెలుతురు, పంక్తుల ఆరంభమును తెలుపు గుర్తులు, రంగు గల పద్ధతిలో రంగును గూర్చిన సమాచారము, అన్నియు ఒకే తీగలో కలిసి పోవును. పాలు, నీరు, చక్కెర కలిపి ఒకే గొట్టములో పంపి, అవతల మరల వేరు చేసికొనుట వంటిది ఈ పని. పూర్తిగా వేరుపడవు, అందువలననే రంగు అక్షరముల అంచులు అలికినట్లుండును. మూడవ ద్వారము ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులను మూడు వేరువేరు తీగలపై పంపునది. ఇందులో కలుపుట లేదు, వేరుచేయుట లేదు.

భేదము ఎంత యుండునో ఒక లెక్కవలన తెలియును. బి.బి.సి. మైక్రో తన అన్నింటికంటె సన్నని పద్ధతిలో పంక్తికి 640 చుక్కలను చూపును. వానిని 40 మైక్రోసెకనులలో పంపవలెను. అనగా సెకనుకు 1 కోటి 60 లక్షల చుక్కలు. ఒక చుక్క నలుపు, ప్రక్క చుక్క తెలుపు అయినచో సంకేతము సెకనుకు 80 లక్షల మారులు పైకి క్రిందికి ఊగవలెను. మన దేశపు టెలివిజను పద్ధతిలో బొమ్మకు కేటాయించిన వెడల్పు సుమారు 50 లక్షలు, అనగా 5 మెగాహెర్ట్జులు మాత్రమే. 8 మెగాహెర్ట్జుల బొమ్మ 5 మెగాహెర్ట్జుల దారిలో పట్టదు. అందుచేతనే టెలివిజనులో చిన్న అక్షరములు మసకబారెడివి. కంప్యూటరుకు తన సొంత తెర, తన సొంత తీగ కావలసివచ్చుటకు ఇదియే కారణము.

తొమ్మిది పిన్నులు, పదునారు రంగులు

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును వెలువరించినది. దాని రంగుల తెరకు తొమ్మిది పిన్నుల సంధానకము, అనగా కనెక్టరు, వాడిరి. అందులో ఎరుపునకు ఒకటి, ఆకుపచ్చకు ఒకటి, నీలమునకు ఒకటి, హెచ్చు కాంతికి ఒకటి, ఇట్లు నాలుగు తీగలు రంగును తెలిపెడివి. ఒక్కొక్క తీగకు రెండే స్థితులు: వోల్టేజి ఉన్నది, లేదు. అందుచేత నాలుగు తీగలకు 2 × 2 × 2 × 2 = 16 రంగులు. 1984లో వచ్చిన తరువాతి పద్ధతిలో రంగు తీగలు ఆరయినవి. వానితో 64 రంగులను తెలుపవచ్చును. ఇవి డిజిటల్ పద్ధతులే. అనగా కంప్యూటరు మానిటరు తీగ మొదట డిజిటలుగానే పుట్టినదని గమనింపవలెను.

కాని ఈ దారిలో ముందునకు పోవుట కష్టము. రెండున్నర లక్షలకు పైగా రంగులు, సరిగా చెప్పవలెనన్న 2,62,144 రంగులు కావలెనన్న 18 తీగలు కావలెను. అన్ని తీగలతో కేబులు లావగును, ఖరీదు పెరుగును. మరియొక ఉపాయము ఉన్నది. తీగకు రెండు స్థితులే ఉండవలెనను నియమమును విడిచిపెట్టినచో? ఒకే తీగపై వోల్టేజిని సున్న నుండి కొంత గరిష్ఠము వరకు ఎంతైనను ఉంచవచ్చును గదా! కొళాయిని కొద్దిగా త్రిప్పిన కొద్దిగా నీరు, పూర్తిగా త్రిప్పిన నిండుగా నీరు వచ్చినట్లు, ఒక్క తీగయే ఆ రంగు యొక్క అన్ని ఛాయలను మోయును. దీనినే అనలాగ్ సంకేతము అందురు.

నీలిరంగు గూడు

1987లో ఐ.బి.ఎం. చేసినది ఇదియే. వి.జి.ఎ. అని పేరొందిన ఆ పద్ధతిలో మూడు రంగులకు మూడు తీగలు. ఒక్కొక్క దానిపై వోల్టేజి సున్న నుండి 0.7 వోల్టు వరకు మారును. సున్న అయిన చీకటి, 0.7 అయిన నిండు కాంతి. సంధానకములో పిన్నులు పదునైదు, మూడు వరుసలలో. మూడు రంగులకు మూడు పిన్నులు, ఆ మూడింటి విద్యుత్తు తిరిగి పోవుటకు మూడు పిన్నులు, కాలమును తెలుపుటకు రెండు. మిగిలినవి భూమి తీగకును, మానిటరును గుర్తించుటకును.

కాలమును తెలుపుట అనగా నేమి? ఆ నాటి మానిటరు కాథోడ్ కిరణ నాళము. దాని వెనుక భాగమునుండి వచ్చు ఎలక్ట్రాన్ పుంజము తెరకు పూసిన భాస్వర పదార్థమును తాకినచోట వెలుగు పుట్టును. పుంజము ఎడమనుండి కుడికి ఒక పంక్తి గీచి, వెనుకకు వచ్చి, దాని క్రింద మరియొక పంక్తి గీచును. సేద్యగాడు గొర్రుతో విత్తనము వేయుటను తలచుకొనుడు. చాలు పొడవున విత్తనము పడును. గట్టు చేరి ఎద్దులను మలుపునప్పుడు విత్తనము పడరాదు. అట్లే పుంజము వెనుకకు మరలునప్పుడు చీకటిగా నుండవలెను. “ఈ చాలు ముగిసినది, మరలుము” అని చెప్పు సంకేతము ఒక పిన్నుపై, “చేను ముగిసినది, మొదటికి రమ్ము” అని చెప్పు సంకేతము మరియొక పిన్నుపై వచ్చును.

వి.జి.ఎ. తెరపై కనిపించునది పంక్తికి 640 చుక్కలు, మొత్తము 480 పంక్తులు. కాని మలుపులకు పట్టు కాలమును కూడ చుక్కలలో లెక్కించిన పంక్తికి 800, మొత్తము 525 పంక్తులు. సెకనుకు 60 సారులు బొమ్మ గీయవలెనన్న 800 × 525 × 60 = 2,52,00,000 చుక్కల కాలము కావలెను. ఆచరణలో సెకనుకు బొమ్మలు 60కి ఒక వెంట్రుకవాసి తక్కువ. అందుచేత అసలు సంఖ్య 2,51,75,000. విద్యార్థులు ఈ గుణకారమును తామే చేసి చూడవచ్చును.

ఇంత వేగముగా మారు సంకేతమునకు తీగ వట్టి తీగవలె ప్రవర్తింపదు. బావిలోనికి కేక వేసిన ప్రతిధ్వని వచ్చినట్లు, తీగ చివర తగిన నిరోధము లేనిచో సంకేతములో కొంత వెనుకకు మరలి, అక్షరము ప్రక్కన దాని నీడ కనబడును. అట్లు జరుగకుండుటకే రంగు తీగలను, వాని చివరలను 75 ఓములకు సరిపోవునట్లు చేయుదురు. విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇచ్చట సగము జవాబు దొరకినది: మోటారు తీగలో విద్యుత్తు సెకనుకు 100 సారులే దిశ మార్చుకొనును, బొమ్మ తీగలో కోట్ల సారులు మారును. మొదటి దానికి చుట్టి బిగించిన అతుకు చాలును. రెండవ దానికి ఆ అతుకే ఒక ప్రతిధ్వని గోడ యగును.

తెర మారినది, తీగ మారవలసివచ్చినది

వి.జి.ఎ. సుమారు ముప్పది సంవత్సరములు నిలిచినది. ఆ గూడు మారకయే తెరలు పెద్దవైనవి, చుక్కలు పెరిగినవి. దానిని కదల్చినది మరియొక తీగ కాదు, క్రొత్త తెర. ద్రవస్ఫటిక తెరలో పుంజము లేదు, చాళ్లు గీయుట లేదు. గళ్ల కాగితమువలె లెక్కపెట్టిన చుక్కలు ఉండును. ప్రతి చుక్కకు ఎంత వెలుతురో ఒక సంఖ్య కావలెను.

ఇప్పుడొక వింత ఏర్పడినది. కంప్యూటరులో బొమ్మ సంఖ్యల రూపమున నున్నది. వి.జి.ఎ. తీగకొరకు ఆ సంఖ్యలను వోల్టేజిగా మార్చవలెను. తీగ దాటిన తరువాత ద్రవస్ఫటిక మానిటరు ఆ వోల్టేజిని కొలిచి మరల సంఖ్యలుగా మార్చుకొనవలెను. తెలుగు కథను ఆంగ్లములోనికి, దానినుండి మరల తెలుగులోనికి అనువదించినట్లు, రెండు మార్పులలోను కొంత నష్టమే కాని లాభము లేదు. పైగా ఒక చుక్క ఎచ్చట ముగిసి మరియొకటి ఎచ్చట మొదలగునో తీగ చెప్పదు, మానిటరే ఊహింపవలెను. ఊహ తప్పిన అక్షరములు వణకును. పాత చదును మానిటర్లపై ‘ఆటో’ అను మీట ఉండుటకు కారణమిదియే: అది ఆ ఊహను సరిదిద్దుకొను మీట.

అందుచేత 1999లో కొన్ని కంపెనీలు కలిసి డి.వి.ఐ. అను సంధానకమును తెచ్చినవి. ఇందులో సంఖ్యలు సంఖ్యలుగానే ప్రయాణము చేయును. ప్రతి రంగు ఛాయను ఎనిమిది అంకెల ద్విసంఖ్యగా వ్రాసి, దానిని పది అంకెలుగా మలచి, ఒక్కొక్క అంకెను వరుసగా పంపుదురు. రెండు అంకెలు ఏల చేర్చవలెను? వరుసగా చాలా సేపు ఒకే అంకె వచ్చినచో తీగపై వోల్టేజి ఒక ప్రక్కకు ఒరిగిపోవును. పది అంకెల రూపము సున్నలను ఒకట్లను సమముగా ఉంచి దీనిని నివారించును.

మరియొక ఉపాయము కూడ ఇందులో కలదు. ప్రతి సంకేతమునకు ఒక తీగకు బదులు మెలివేసిన రెండు తీగలు ఉండును. ఒకదానిపై వోల్టేజి పెరిగిన రెండవదానిపై తగ్గును. అవతలి యంత్రము రెండింటి భేదమును మాత్రమే చూచును. పులివెందులనుండి కడపకు పోవు బస్సులో ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చున్నారనుకొనుడు. గతుకులో ఇద్దరును ఒకేసారి ఎగిరిపడుదురు. కాని వారి ఎత్తుల భేదము మారదు. అట్లే బయటి విద్యుత్ కలత రెండు తీగలను ఒకే విధముగా తాకును. భేదము మాత్రము చెక్కుచెదరదు.

డిజిటల్ పద్ధతికి ఒక గుణమున్నది, దానినుండియే ఒక దోషము. అనలాగ్ తీగ పొడవు పెరిగినకొలది బొమ్మ కొద్దికొద్దిగా మసకబారును. డిజిటల్ తీగలో ‘ఒకటియా, సున్నయా’ అని గుర్తింపగలిగినంతవరకు బొమ్మ చెడదు. గుర్తింపలేని స్థితి వచ్చినచో చుక్కలు మెరసి, వెంటనే బొమ్మ పూర్తిగా పోవును. మసక బొమ్మ అను నడిమి స్థితి చాల స్వల్పము. “నిన్న బాగుండెను, నేడు అసలే రాలేదు” అని ఉపాధ్యాయులు ఆశ్చర్యపడుటకు ఇది కారణము.

పందొమ్మిది పిన్నుల సన్నని నోరు

డి.వి.ఐ. సంధానకము పెద్దది, ధ్వనిని మోయుట దానికి ఉద్దేశింపబడలేదు. టెలివిజనులకు చిన్నది కావలెను, ధ్వని కావలెను. 2002 డిసెంబరులో హిటాచి, పానాసోనిక్, ఫిలిప్స్, సోనీ, తోషిబా మున్నగు ఏడు కంపెనీలు హెచ్.డి.ఎం.ఐ. అను పద్ధతిని ప్రకటించినవి. బొమ్మను పంపు విధానము డి.వి.ఐ.దే, దానికి ధ్వని చేర్చి, పిన్నులను పందొమ్మిదికి కుదించిరి. మూడు రంగుల జంటలకు వాని కవచములతో తొమ్మిది, కాలపు జంటకు మూడు, మిగిలిన ఏడు సంభాషణకు, 5 వోల్టుల విద్యుత్తునకు, ఇతర పనులకు.

సంభాషణ అనుట విశేషము. పాత కాలపు మానిటరు కంప్యూటరు పంపినది పుచ్చుకొనెడిది, అంతే. 1994 నుండి మానిటరు తన్ను తాను పరిచయము చేసికొను ఏర్పాటు వచ్చినది. తీగ తగిలించిన వెంటనే కంప్యూటరు మానిటరు నడుగును: “నీవెవరవు? ఎన్ని చుక్కలు చూపగలవు?” మానిటరు తనలో దాచుకొన్న 128 బైట్ల పరిచయ పత్రమును చదివి వినిపించును. ఈ పత్రము అందనిచో కంప్యూటరు చుక్కలను తగ్గించి పంపును, లేక పంపుటయే మానును. హెచ్.డి.ఎం.ఐ.లో దీనికి తోడు, నకలు తీయుటను అడ్డుకొను రహస్య లిపి ఒకటి కూడ ఉండవచ్చును; తెర ఆ లిపిని ఎరుగనిచో కొన్ని చలనచిత్రములు కనబడవు.

వేగమును గూర్చి ఒక లెక్క. 1920 × 1080 చుక్కల తెరకు మలుపు కాలములతో కలిపి పంక్తికి 2,200, పంక్తులు 1,125. సెకనుకు 60 బొమ్మలు అయిన 14 కోట్ల 85 లక్షల చుక్కలు. చుక్కకు మూడు రంగులు, రంగుకు పది అంకెలు. అనగా సెకనుకు సుమారు 445 కోట్ల అంకెలు! చుక్కలు నాలుగు రెట్లయిన తెరకు ఇది సుమారు 1,782 కోట్లగును. అందుకే 2013లో వచ్చిన రెండవ రూపము 1,800 కోట్లకు, 2017లో వచ్చిన దాని తరువాతి రూపము 4,800 కోట్లకు, 2025లో వెలువడినది 9,600 కోట్లకు తగినట్లు ఏర్పరుపబడినవి. నోటి ఆకారము మాత్రము మారలేదు. కావున నోటిలో పట్టిన ప్రతి కేబులును ఒకే వేగమును భరించునని తలపరాదు.

మూటలు కట్టి పంపుట

2006లో వీడియో ఎలక్ట్రానిక్స్ ప్రమాణముల సంఘమైన వెసా, డిస్‌ప్లే పోర్టు అను ఇరువది పిన్నుల సంధానకమును తెచ్చినది. ఇది ఆలోచనలోనే భిన్నమైనది. వి.జి.ఎ. మొదలు హెచ్.డి.ఎం.ఐ. మొదటి రూపముల వరకు బొమ్మ కాలువలో నీటివలె, పుంజము నడచిన క్రమములోనే ప్రవహించెడిది. పుంజము లేని తెరకును ఆ మలుపుల కాలమును విడిచిపెట్టెడివారు. డిస్‌ప్లే పోర్టు బొమ్మను తపాలావలె చిన్నచిన్న మూటలుగా కట్టి పంపును. ప్రతి మూటకు అది దేనికి సంబంధించినదో గుర్తు ఉండును. కనుక ఒకే తీగపై రెండు మూడు తెరల బొమ్మలను కూడ పంపవచ్చును.

2010 డిసెంబరులో ఇంటెల్, ఎ.ఎం.డి., డెల్, లెనోవో, శాంసంగ్, ఎల్.జి. సంస్థలు వి.జి.ఎ.ను క్రమముగా మాని, 2015 నాటికి విడిచిపెట్టుదుమని ప్రకటించినవి. 2014లో రెండు వైపుల ఎట్లు పెట్టినను పట్టు ఇరువదినాలుగు పిన్నుల యు.ఎస్.బి.-సి వచ్చినది. ఈ చిన్న నోటినుండి విద్యుత్తు, సమాచారము, డిస్‌ప్లే పోర్టు బొమ్మ మూడును రాగలవు. రాగలవనియే చెప్పవలెను, వచ్చి తీరునని కాదు. అనేక ఫోనులలో ఆ నోరు విద్యుత్తునకు, సమాచారమునకు మాత్రమే. ఆకారము ఒకటైనను లోపలి పని వేరు కావచ్చుననుటకు ఇది మంచి ఉదాహరణ.

తరగతి గదికి తిరిగి

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పవచ్చును. పాత కంప్యూటరు పంపునది సున్న నుండి 0.7 వోల్టు వరకు మారు అలలు. క్రొత్త తెర ఆశించునది సెకనుకు వందల కోట్ల ఒకట్లు, సున్నలు. తీగలను కోసి కలిపినంత మాత్రమున ఒక భాష మరియొక భాష కాదు. నడుమ ఒక దుబాసీ కావలెను. ఆ దుబాసీయే కన్వర్టరు. అది వోల్టేజిని సెకనుకు కోట్ల సారులు కొలిచి, సంఖ్యలుగా వ్రాసి, హెచ్.డి.ఎం.ఐ. భాషలో పంపును. ఇంత పనికి దానికి విద్యుత్తు కావలెను, సాధారణముగా యు.ఎస్.బి. తీగ ద్వారా తీసికొనును. వి.జి.ఎ.లో ధ్వని లేదు గనుక ధ్వనికి వేరొక తీగ తగిలింపవలెను.

దుబాసీకి దిశ కలదు. వి.జి.ఎ.నుండి హెచ్.డి.ఎం.ఐ.కి మార్చునది వేరు, హెచ్.డి.ఎం.ఐ.నుండి వి.జి.ఎ.కు మార్చునది వేరు. రెండును చూచుటకు ఒకే తీరుగా నుండును. కొనునప్పుడు కంప్యూటరుది ఏ నోరో, తెరది ఏ నోరో వ్రాసికొని పోవుట మేలు. లోపల ఏ పరికరమును లేక, ఒక చివర వి.జి.ఎ., మరియొక చివర హెచ్.డి.ఎం.ఐ. నోరు అతికించిన వట్టి కేబులు ఈ పనికి పనికిరాదు. అది ఆ విద్యార్థి చెప్పిన అతుకే.

కొన్ని జతలకు మాత్రము దుబాసీ అక్కరలేదు. డి.వి.ఐ. డిజిటల్ రూపము, హెచ్.డి.ఎం.ఐ. ఒకే భాష మాటలాడును. వట్టి కేబులు చాలును. అట్లే డి.వి.ఐ.లో అనలాగ్ పిన్నులు కూడ ఉన్న రకమునుండి వి.జి.ఎ.కు వట్టి మార్పు బిరడా చాలును. చదునైన పిన్ను చుట్టును నాలుగు చిన్న పిన్నులున్న, అది ఆ రకము. డిస్‌ప్లే పోర్టులు హెచ్చు భాగము హెచ్.డి.ఎం.ఐ. భాషను కూడ ఎరుగును; కాని హెచ్.డి.ఎం.ఐ. గల కంప్యూటరునుండి డిస్‌ప్లే పోర్టు తెరకు పోవలెనన్న దుబాసీ తప్పదు.

దుబాసీని తెచ్చినను బొమ్మ రానిచో, తెరపై సరియైన ప్రవేశ ద్వారమును ఎన్నుకొనినారా అని మొదట చూడవలెను. తరువాత కన్వర్టరుకు విద్యుత్తు అందుచున్నదా అని, ఆ తరువాత కంప్యూటరులో చుక్కల సంఖ్యను తగ్గించి చూడవలెను. ఎర్తింగు సరిగా లేని భవనములలో రెండు యంత్రముల లోహ భాగముల నడుమ వోల్టేజి భేదము ఉండవచ్చును, హెచ్.డి.ఎం.ఐ. లోపలి సున్నితమైన భాగములకు అది చేటు. కావున రెండింటిని ఆపి తీగ తగిలించి, పిమ్మట వెలిగించుట మంచిది. వి.జి.ఎ.కు రెండు ప్రక్కల మరలు ఉండును, హెచ్.డి.ఎం.ఐ.కి మరలు లేవు, కేబులు బరువు నోటిపై వ్రేలాడకుండ చూడవలెను. వాడనప్పుడు నోటికి మూత పెట్టిన మెట్ట ప్రాంతపు ధూళి లోనికి పోదు.

వి.జి.ఎ. మరియొక పాఠమును కూడ నేర్పగలదు. తెల్లని తెర ఒకనాడు ఆకుపచ్చ కలిసిన నీలిరంగుగా కనబడినచో ఎరుపు తీగ తెగినదని అర్థము. ముదురు గులాబిగా కనబడిన ఆకుపచ్చ తీగ, పసుపుగా కనబడిన నీలము తీగ తెగినవి. తెల్లనినుండి ఒక రంగును తీసివేసిన మిగులు రెండు రంగుల కలయికయే కంటికి కనబడును. మానవ నేత్రమును, రంగులను గూర్చి ఆ ఉపాధ్యాయుడు చెప్పదలచిన పాఠము పాడైన ఒక తీగలోనే ఉన్నది.

పాత కంప్యూటరు చెడిపోలేదు, క్రొత్త తెర చెడిపోలేదు. రెండును వేరువేరు కాలములలో పుట్టి, వేరువేరు భాషలు నేర్చినవి. కొన్ని వందల రూపాయల దుబాసీ చాలును; వేల రూపాయల యంత్రమును మూలను పడవేయనక్కరలేదు. ఆ మరునాడు ఉపాధ్యాయుడు కన్వర్టరును తెచ్చి తగిలించినప్పుడు, గోడమీది తెరపై కనుగుడ్డు బొమ్మ నిలిచినప్పుడు, దాని వెనుక సెకనుకు వందల కోట్ల అంకెలు పరుగెత్తుచున్నవని వెనుక బెంచీలోని ఆ విద్యార్థికి తెలిసియుండును.